అంచు మీద ఎవరో పేర్చిన రాళ్లు

ఆ రాళ్లు నేను పేర్చినవి కావు. ఈ మాట మొదటే చెప్పి ముందుకు వెళ్లడం నా పద్ధతి. ఈ అరబ్బు దేశంలో, అబ్హా పట్నం దాటాక కొండల మీద పరుచుకున్న ఆ బీడులో, పై డ్యాం నుంచి కింది డ్యాం దాకా నేను నిలిపిన ప్రతి గుర్తూ నా పుస్తకంలో ఉంది. ఏ పొద పక్కన, ఏ బండ మీద, అక్కడి నుంచి ఎటు తిరగాలి అన్నది వివరంగా ఉంది. అందులో లేని గుర్తు ఆ దారిలో ఉండడానికి వీల్లేదు. ఉందంటే ఎవరో పెట్టి ఉండాలి. పెట్టారంటే దానికొక ఉద్దేశం ఉండి తీరాలి.

అంత ఎత్తున చెట్టు పెద్దగా ఎదగదు. మోకాలెత్తు ముళ్ల పొదలు, గాలికి ఒకే వైపు వంగిపోయిన జూనిపర్ చెట్లు, వానలు పడిన నెలల్లో రాళ్ల సందుల్లో సన్నని పచ్చిక. తూర్పున నేల మెల్లగా దిగుతూ లోయల్లోకి వెళుతుంది. ఆ లోయలకు అడ్డంగా కట్టిన డ్యాముల్లో నీళ్లు ఆకుపచ్చగా, కదలకుండా ఉంటాయి. పడమట మాత్రం నేల ఉన్నట్టుండి తెగిపోతుంది. ఆ అంచున నిలబడితే కింద తిహామా మైదానం, దాని మీద ఎండ పొర, ఆ వెనక ఎక్కడో జిజాన్ వైపు సముద్రం ఉందని నమ్ముకోవాలి. మధ్యాహ్నం దాటాక ఆ లోతులోంచి పొగమంచు పైకి ఎక్కుతుంది. అది వచ్చేటప్పుడు చప్పుడు చేయదు. ఇప్పటిదాకా ఎదురుగా ఉన్న చెట్టు, తల తిప్పి చూసేసరికి ఉండదు.

నేను ఒక రోడ్ల కాంట్రాక్టు కంపెనీ సర్వే విభాగంలో, ఈ కొండల్లోనే తల నెరిసినవాడిని. అరవై దాటాక కూడా కంపెనీ నా అకామా, అంటే ఇక్కడ ఉండడానికి ఇచ్చే పర్మిట్టు, రెన్యూ చేయిస్తోందంటే నా మీద ప్రేమ అని భ్రమపడను. పాత డ్రాయింగుల్లో ఏది ఎక్కడుందో చెప్పగలిగినవాడు మరొకడు లేడు. కృష్ణా డెల్టాలో, రాయి కావాలంటే బండి కట్టి తెచ్చుకోవలసిన ఊళ్లో పుట్టినవాడికి రాళ్ల మీద ఈ పట్టుదల ఏమిటని మా ఇంట్లోవాళ్లు ఎగతాళి చేస్తారు. గుర్తు పెట్టడమంటే ఒక మాట ఇవ్వడమని వాళ్లకు ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు. ఆ మాట నమ్మి ఇంకొకరు అడుగు వేస్తారు.

నా గుర్తుకు మూడే రాళ్లు. అడుగున వెడల్పైనది, మధ్యలో దానికన్న చిన్నది, పైన కొసదేలిన రాయి. ఆ కొస ఎటు చూపిస్తే అటు నడవాలి. ఆ బీడంతా ప్రభుత్వ పార్కు, రంగు పూయడం దాని నియమాలకు విరుద్ధం కనుక పూయలేదు. ఏ గుర్తును గాలి వాల్చింది, దేన్ని బబూన్ కోతులు పడదోశాయి అన్నది రాసుకుని, వెంటనే సరిచేసేవాడిని. ఆ కోతులు టిఫిన్ డబ్బా మూత తీయగలవు గాని రాయి మీద రాయి నిలపలేవు. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానో ముందు ముందు తెలుస్తుంది.

ఈ గుర్తులన్నీ ఒకే మనిషి కోసం. ఆయన హైదరాబాదు పాతబస్తీ నుంచి వచ్చి, అబ్హాలో ఏసీలు, ఫ్రిజ్‌లు బాగుచేసే దుకాణం నడిపిన మిత్రుడు. ఈడులో నాకు సమానం. శనివారం మధ్యాహ్న భోజనం కాగానే ఆయన, నేను ఈ దారిన నడవడం ఏళ్ల తరబడి ఉన్న అలవాటు. ఈమధ్య ఆయన కళ్లను గ్లకోమా పట్టుకుంది. పక్కచూపు పోయింది. ఎదురుగా ఉన్నది కూడా గొట్టంలోంచి చూసినట్టు కనిపిస్తుందట. డాక్టర్లు చెప్పవలసింది చెప్పేశారు. దుకాణం ఇంకొకరికి అప్పజెప్పి, మళ్లీ తిరిగి రాకుండా వెళ్లిపోవడానికి ఫైనల్ ఎగ్జిట్ వేయించుకున్నారు. దేశం వదిలేలోపు ఆయన కోరింది ఒక్కటే. కింది డ్యాం దాకా తన కాళ్ల మీద తాను నడిచి వెళ్లి, ఆ గట్టు మీద కూర్చుని చాయ్ తాగి రావాలి. చేయి పట్టుకుంటానంటే ఒప్పుకోలేదు.

"నువ్వు చెయ్యి పట్టుకొని నడిపిస్తే అది సైర్ గాదు సాబ్, దవఖాన," అన్నారు. సైర్ అంటే ఆయన భాషలో షికారు. "నీ రాళ్లేవో పెట్టు. నేను పోత."

పెట్టాను. వారం వారం కొంత కొంత దూరం అలవాటు చేసుకుంటూ వచ్చాం. ఆయన ముందు, నేను వెనక. ఆయన కర్రతో నేల తడుముతూ వెళ్లి, గుర్తు తగిలాక వంగి, పై రాయి కొసను వేళ్లతో చూసుకుని, అటు తిరిగేవారు. ఆ క్షణంలో ఆయన ముఖంలో కనిపించే గర్వం చూశాక, ఆ దారిలో ఒక్క రాయి కదిలినా ఊరుకోకూడదని నిశ్చయించుకున్నాను.

పై డ్యాం దాటిన కొంత దూరానికి దారి చీలుతుంది. ఎడమకు తిరిగితే లోయ వెంబడి కింది డ్యాం. కుడికి తిరిగితే చదునైన బండలు, ఆ బండల చివర కొండ అంచు. అక్కడితో నేల సరి. మొత్తం దారిలో ప్రాణం మీదికి వచ్చే చోటు అదొక్కటే కనుక, ఆ చీలిక దగ్గర నా గుర్తును మరింత జాగ్రత్తగా నిలిపాను.

ఒక శనివారం ఆ కుడివైపు బండల మీద, అంచుకు దగ్గరగా, రెండు కొత్త పేర్పులు కనిపించాయి. నావాటికన్న ఎత్తైనవి. రాళ్లు ఏరి తెచ్చినవి. మట్టి అంటినది ఒక్కటి లేదు. అడుగున రెండు రాళ్లు నిలబెట్టి, వాటి మీద ఒకటి అడ్డం వేసి, ఆ పైన పేర్చుకుంటూ వెళ్లారు. పని తెలిసిన చెయ్యి. అదే నన్ను ఎక్కువ కలవరపెట్టింది.

ఆ మాట చెబితే మిత్రుడు తానూ చూడాలన్నారు. నేను పక్కన నిలబడగా వంగి ఒకదాన్ని తడిమారు.

"ఇది గుమ్మం లెక్కుంది సాబ్. కోతులకు క్వార్టర్లు గట్టిన్రా ఏంది?"

నేను నవ్వలేదు. రెండింటినీ పడగొట్టి, రాళ్లను వేర్వేరు దిక్కులకు విసిరేసి, ఆ సంగతి రాసుకున్నాను.

మరుసటి వారం మళ్లీ ఉన్నాయి. పడగొట్టాను. ఆ పై వారం మళ్లీ వచ్చాయి. ఈసారి మరో సంగతి: దారి మొదట్లో ఉన్న నా గుర్తుల్లో ఒకదానికి అడుగు రాయి లేదు. మంచి వెడల్పైన రాయి. అంటే ఎవరో నా గుర్తులను చూస్తున్నారు, నా రాయినే తీసి నా దారికి ఎదురు గుర్తు కడుతున్నారు.

మొదట పై డ్యాం కాపలాదారును అనుమానించాను. బంగ్లాదేశ్ మనిషి. ఆ చుట్టుపక్కల పగలంతా ఉండేది అతనొక్కడే. హిందీలో మర్యాదగానే అడిగాను. అతను మాత్రం మర్యాదగా తీసుకోలేదు. తన పని నీళ్లను చూడడమని, రాళ్లను చూడడానికి ఎవరూ జీతం ఇవ్వడం లేదని, కోతులే చేసి ఉంటాయని అన్నాడు. నీళ్లు కదలకుండా ఉన్నప్పుడు రాళ్లను చూసే తీరిక ఎందుకుండదో అతను చెప్పలేదు. ఆ జవాబు కూడా రాసుకున్నాను.

తరువాత డ్రోన్ కెమెరాలతో వచ్చే కుర్రవాళ్ల గుంపు మీదికి నా ఆలోచన మళ్లింది. అంచున నిలబడి ఫోటోలు తీసుకోవడమే వాళ్ల నడక. తమ వెనక వచ్చేవాళ్లకు దారి చూపడానికి ఇవి పెట్టి ఉండవచ్చు. కానీ అంత ఓపికగా గుమ్మం నిలిపే తీరిక వాళ్లకు ఎక్కడిది? సెలవు రోజుల్లో చాపలు పరుచుకుని కూర్చునే కుటుంబాల పిల్లలా? పిల్లలైతే కట్టినదాన్ని తామే కూల్చుకుని పోతారు. ఎవరిని అనుకున్నా ఎక్కడో ఒకచోట పొసగలేదు. పొసగకపోవడం వల్ల నా అనుమానం తగ్గలేదు, వాళ్లందరి మీదా సమానంగా పరుచుకుంది.

ఆ తరువాతి శనివారం పొగమంచు తొందరగా ఎక్కింది.

పై డ్యాం దాటాక, వాలిపోయిన ఒక గుర్తును నిలబెట్టడానికి నేను ఆగాను. మిత్రుడు ఆగలేదు. ఆ ముక్క దారి ఆయనకు కంఠతా వచ్చింది. మంచులో మనిషి కనిపించడం లేదు గాని, కర్ర చప్పుడు వినిపిస్తూనే ఉంది. మట్టి మీద కర్ర మెత్తగా, మూగగా పడుతుంది. నేను చేతులు దులుపుకుని లేచేసరికి ఆ చప్పుడు మారింది. కంగుమంటోంది. బండ మీద పడుతున్న కర్ర.

ఆగమని అరిచాను. చప్పుడు ఆగింది.

"సాబ్," మంచులోంచి ఆయన గొంతు వచ్చింది. "గాలి కింది నుంచి కొడ్తుంది."

"కదలకండి. వస్తున్నాను."

"నేనేడికి కదుల్త? ముందట ఏమున్నదో జెర చెప్పు."

అప్పటికి నాకు ఆయన వీపు కనిపిస్తోంది. ఆయన ముందున్నది కూడా.

"ఏమీ లేదు," అన్నాను.

"ఏమీ లేదా. అచ్ఛా," అని, కర్ర వెనక్కి పెట్టి, తిరగకుండానే ఒక్కో అడుగు వెనక్కి వేసుకుంటూ నా చేతికి అందేదాకా వచ్చారు. ఆ ఒక్కసారి నా చేయి పట్టుకున్నారు. పట్టుకున్న సంగతి మేమిద్దరం తర్వాత ఎత్తలేదు.

చీలిక దగ్గరికి వచ్చి చూస్తే విషయం తేటతెల్లమైంది. కొత్త పేర్పు ఈసారి అంచున లేదు. అక్కడి నుంచి బాగా లోపలికి జరిగి, నా గుర్తుకన్న ముందే కర్రకు తగిలేలా, కుడివైపున నిలిచి ఉంది. ఆయన తడిమారు, ఎత్తుగా ఉంది కనుక నేను కొత్తగా బలపరిచానని నమ్మారు, తిరిగారు. ఆయన నమ్మింది ఆ రాళ్లను కాదు, నన్ను. ఆ నమ్మకాన్ని ఎవరో దొంగిలించి అంచు వైపు తిప్పారు. నాకు వచ్చిన కోపానికి ఆ పేర్పులో రాయి మీద రాయి మిగల్లేదు.

ఒక అనుమానం రాయడానికి కలం సాగలేదు. అయినా దాన్ని లోపల దాచుకోవడం నా వల్ల కాదు కనుక నేరుగా అడిగాను. దారి తెలిసిన మనిషి, చూపు పోతున్న మనిషి, తెలిసే అటు వెళ్లారా అని.

"చాయ్ తాగకుండనా?" అన్నారు ఆయన.

ఆ జవాబుతో ఆ అనుమానాన్ని కొట్టేశాను. కానీ ఇది ఎవరి పనో తేలేదాకా నడక బందని చెప్పాను. ఆయన చాలాసేపు కర్ర కొనతో నేల గీరుతూ కూర్చున్నారు. తనకు ఇక్కడ మిగిలింది బహు కొద్ది రోజులని, నేను ముజ్రింను, ఆ నేరస్థుణ్ణి, పట్టుకునేదాకా ఆగితే తాను నాంపల్లి స్టేషను ప్లాట్‌ఫారం మీద నడుచుకోవాలని అన్నారు. ఆ మాటలో వెటకారం కన్నా భయమే ఎక్కువ వినిపించింది. కింది డ్యాం చూడకుండానే పంపేస్తానేమోనన్న భయం.

మేము నడిచేది శనివారం. శనివారానికి అవి అక్కడ సిద్ధంగా ఉంటున్నాయి. శుక్రవారం సాయంత్రం ఆ బీడంతా కుటుంబాలతో నిండుతుంది. అందుచేత శుక్రవారం, జనం రాకముందే కంపెనీ పికప్పులో వెళ్లి, దాన్ని దూరంగా నిలిపి, బండలకు ఎదురుగా ఒక జూనిపర్ వెనక ఫ్లాస్కుతో కూర్చున్నాను. ఈ వయసులో పొద చాటున కూర్చోవలసి రావడం నాకు నచ్చిన పని కాదని వేరే చెప్పనక్కరలేదు.

ఎండ వాలాక కుటుంబాలు రావడం మొదలైంది. చాపలు, గ్యాసు పొయ్యిలు, గహ్వా కాఫీ కూజాలు. కాపలాదారు తన గది వదలలేదు. డ్రోన్ కుర్రవాళ్లు వచ్చి, ఎగరేసి, వెళ్లారు, రాయి ముట్టలేదు. బండలకు కాస్త దూరంలో ఒక కుటుంబం దిగింది. యజమాని, ఆయన భార్య, ముసలి తల్లి, పిల్లలు. వాళ్లతో నల్లటి అబాయా వేసుకున్న పనిమనిషి. ఆమె చాపలు పరిచింది, గ్లాసులు కడిగింది, అందరికీ చాయ్ పోసింది. పోసి, చిన్నపిల్లవాణ్ణి చంకనెత్తుకుని బండల వైపు నడిచింది.

నేను నిఠారుగా కూర్చున్నాను.

ఆమె తిన్నగా చీలిక దగ్గరికి వచ్చింది. నేను పడగొట్టిన చోట నిలబడి నేలను చూసింది. తరువాత తలెత్తి నాలుగు దిక్కులా చూసింది. కాపలాదారు గదిని, దూరంగా పోతున్న కుర్రవాళ్లను, చాపల మీది పిల్లలను ఒక్కొక్కరినే పట్టి పట్టి చూసింది. ఆ చూపు నాకు తెలుసు. నెల రోజులుగా నేను చూస్తున్న చూపే. పిల్లవాణ్ణి కింద దించి, రెండు రాళ్లు ఏరి నిలబెట్టింది.

"కదలాకు నాయినా, పడిపోతాది," అంది వాడితో.

తెలుగు. అదీ కడప వైపు తెలుగు. నేను లేచి వెళ్లాను. పరాయి ఇంటి పనిమనిషితో పరాయి మగవాడు మాట్లాడడం ఇక్కడ ఎంత దూరం వెళ్లగలదో తెలుసు కనుక, చాపల మీదివాళ్లకు నేను బాగా కనిపించే చోట, ఆమెకు తగినంత దూరంలో నిలబడ్డాను. ఇక్కడ ఎందుకు పేరుస్తున్నావమ్మా అని అడిగాను. ఆమె చేతిలో రాయి జారిపోయింది.

"తెలుగోళ్లా సార్ మీరు?" అని, నేను అవునని చెప్పేలోపే, "వారం వారం వీటిని పడగొడ్తాండేది ఎవురో సూసినారా?" అంది.

"నేనే."

ఆమె నన్ను తల నుంచి చెప్పుల దాకా చూసింది.

"మీరా? ఇంత పెద్దాయన! ఏం జేసినాయి సార్ అవి మిమ్మల్ని?"

నేను అడగవలసిన ప్రశ్న ఆమె అడిగింది. పైగా ఆమె కోపం నా కోపానికేమీ తీసిపోలేదు. తరువాత చెప్పుకొచ్చింది. రాయచోటి దగ్గర ఊరు. ఈ ఇంటి పనిలో ఉండగానే అక్కడ ఇల్లు మొదలుపెట్టారు. గోడలు లేచాయి, మిద్దె, అంటే పై స్లాబు, పడలేదు. వాళ్ల వైపు నుంచి తిరుమలకు కాలినడకన కొండెక్కేవాళ్లు, సొంత ఇల్లు కావాలని మొక్కుకుని దారి పక్కన రాయి మీద రాయి పేరుస్తారు. అప్పుడెప్పుడో సెలవుకు ఊరెళ్లినప్పుడు తానూ పేర్చింది, ఆ ఏడే పునాది పడింది.

"ఈడ గూడా కొండే గదా సార్," అంది. "గాలికి పడ్తాండాయేమో అనుకుంటి. కోతులనుకుంటి. ఇంటికాడ ఏమో మిద్దె పని ముందుకు పోలేదు. మా మరిది సిమెంటు అమ్ముకున్న్యాడని ఫోన్లో వాన్ని నానా మాటలంటి. ఇప్పుడు తెలిసె, పడగొడ్తాండేది ఎవురో."

తిరుమల మెట్ల దారిలో ఆ చిన్న చిన్న పేర్పులను నేనూ చూశాను. కానీ అవి దారి పక్కన ఉంటాయి. వాటిని నమ్మి ఎవరూ తిరగరు. ఇక్కడ, మనుషులు నడిచే చోట, అదీ అంచు మీద ఎందుకు పెట్టావని గట్టిగానే అడిగాను.

"అంచునైతే ఎవురూ రారని. తొక్కరని. ఆడ గూడా పడగొడ్తాంటే ఇట్ల లోపలికి జరిపితి."

ఎవరూ వెళ్లని చోటు చూసి ఆమె పెట్టింది. ఎవరూ వెళ్లకూడని చోటు గనుక నేను పడగొట్టాను. నేను పడగొట్టినందువల్లనే అది జరిగి జరిగి నా గుర్తు ముందుకు వచ్చి నిలిచింది. నేను చేసింది సరైన పనేనని ఇప్పటికీ అంటాను. అయినా వరస ఇదీ అని రాసుకోవలసిందే.

చూపు సరిగా లేని ఒక మనిషి ఆమె రాళ్లను తడిమి అంచు దాకా వెళ్లిన సంగతి చెప్పాను. ఆమె గబుక్కున పిల్లవాణ్ణి ఎత్తుకుంది.

"పడినాడా?"

పడలేదని చెప్పాను. ఆయన ఎవరో, ఎందుకు కింది డ్యాంకు వెళ్లాలనుకుంటున్నారో కూడా చెప్పాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నట్టు అబాయా అంచును పట్టుకుని వింది.

"ఆ మూడు మూడు రాళ్లు మీవా సార్?" అంది చివరికి, చిన్న గొంతుతో. "అరబ్బు పిల్లోళ్లు ఆడుకున్న్యారనుకుంటి. ఒకటి బాగుండాదని తెచ్చుకున్న్యా గూడా."

దానికి నేను అనవలసింది అనేలోపు యజమాని లేచి మా వైపు వచ్చాడు. నడివయసు మనిషి. సలాం చెప్పి, విషయం ఏమిటని అడిగాడు. ముఖంలో నవ్వు ఉంది గాని, కళ్లు నన్ను, ఆమెను, రాళ్లను తూకం వేస్తున్నాయి. ఆమె తల వంచుకుంది. ఇల్లు కావాలని రాళ్లతో మొక్కుకుంటోందని తెలిస్తే అతను నవ్వి ఊరుకునే మనిషో, మంత్రాలూ తంత్రాలూ అని పోలీసును పిలిచే మనిషో నాకు తెలియదు. రెండో రకం మనుషుల వల్ల పెట్టె సర్దుకున్నవాళ్లు నాకు తెలుసు. అటు అంచు, ఇటు పొగమంచు, పిల్లవాణ్ణి దగ్గరికి రానివ్వొద్దని మా దేశపు ఆమె కనుక మా భాషలో చెబుతున్నానని అరబ్బీలో చెప్పాను. ప్రతి అక్షరమూ నిజమే.

అతను రాళ్ల వైపు వేలు చూపించి, మరి ఇవేమిటన్నాడు.

"దారి గుర్తులు," అన్నాను. "నేను సర్వేయర్ని."

ఇది నిజం కాదు. నా ఉద్యోగ జీవితంలో తప్పుడు గుర్తును గుర్తని ఎవరికీ చెప్పలేదు. చెప్పాక మాత్రం ఒక్కటే మార్గం మిగిలింది. అది గుర్తు కావాలి. ఇది చోటు తప్పిందని, సరిచేస్తానని, ఈమె చేయిసాయం చేస్తే త్వరగా అవుతుందని అతన్నే అనుమతి అడిగాను. అతను దేవుడు నీకు బలమివ్వాలని దీవించి, ముందు గహ్వా తాగమని పట్టుబట్టాడు. తాగాను. ఆ మర్యాద వెనక ఇంకేదైనా ప్రశ్న ఉందేమోనని చివరి గుక్క దాకా ఎదురుచూశాను. రాలేదు.

కుడివైపు నుంచి ఒక్కో రాయీ ఎడమవైపుకు మోశాం. పిల్లవాడు కూడా గులకరాళ్లు తెచ్చాడు. కట్టేటప్పుడు ఆమె నా మాట వినలేదు. మూడు రాళ్లు చాలంటే, మూడు రాళ్లతో ఇల్లెట్లా అవుతుందంది. గుమ్మం తూర్పుకే ఉండాలంది. కింది డ్యాం ఉన్నదీ తూర్పునే. ఆ ఒక్క విషయంలో మాకు పేచీ రాలేదు. ఇక ఈ దారిలో మరెక్కడా రాయి పేర్చనని ఆమె చేత మాట తీసుకున్నాను. ఆమె కూడా నా చేత ఒక మాట తీసుకుంది.

"మా మిద్దె పడేదాకా దీన్ని ముట్టాకండి సార్."

"పడ్డాక?"

"పడినాక మీ ఇష్టం. అప్పుడు మీరే రండి, మా ఇంటికి."

ఆ రాత్రి మిత్రుడికి ఫోన్ చేసి అంతా చెప్పాను. ఆయన దగ్గు వచ్చేదాకా నవ్వారు. రాళ్లు పేరిస్తే ఇల్లొచ్చేటట్లయితే వాళ్ల అబ్బా గోల్కొండనే మొత్తం పేర్చేవాడని, తాను ఇన్నేళ్లు చల్లటి గాలి అమ్మి వేడి వేడి కిరాయి ఇంటికే పోతున్నానని అన్నారు. తౌబా తౌబా అని కూడా అన్నారు.

మరుసటి రోజు నేను ముందుగానే వెళ్లి దారంతా చూసి వచ్చాను. ఆమె మాట నమ్మలేదని కాదు. చూడకుండా నమ్మడం నాకు చేతకాదు. ఎక్కడా కొత్త రాయి లేదు. తరువాత మిత్రుణ్ణి తీసుకొచ్చాను. ఆయనకు అదే ఆఖరి శనివారం. పొగమంచు మాకన్న ముందే వచ్చి కూర్చుంది. వెనక్కి వెళదామా అన్నాను. ఆయన కర్ర ముందుకు పెట్టారు.

పై డ్యాం దాటాం. నేను ఏ గుర్తు దగ్గరా ఆగలేదు. చీలిక వచ్చేసరికి ఆయనకన్న ముందు నడిచి, కుడివైపు బండల మొదట్లో, అంచుకూ ఆయనకూ మధ్య, చప్పుడు చేయకుండా నిలబడ్డాను. గుర్తు సరైనదే. అయినా నిలబడ్డాను. కర్ర వచ్చి పేర్పుకు తగిలింది. ఆయన వంగారు. వేళ్లు అడుగు నుంచి పైదాకా వెళ్లాయి.

"ఇది నీది గాదు. నీ రాళ్లు మూడే ఉంటయి," అన్నారు మంచులోకి. "ఇది ఆమె ఇల్లేనా?"

"అదే. గుమ్మం ఎటుందో చూసుకోండి."

వేళ్లు గుమ్మాన్ని వెతికి పట్టుకున్నాయి. ఆయన ఎడమకు తిరిగారు. కర్ర చప్పుడు మట్టి మీద మెత్తగా దిగిపోతూ లోయలోకి వెళ్లింది. అప్పుడు నేను కదిలాను.

కింది డ్యాం మీద మంచు పలుచగా ఉంది. నీళ్లు కనిపిస్తున్నాయా అని నేను అడగలేదు. ఆయన గట్టు మీద కూర్చుని, ముఖాన్ని ఆ చల్లదనం వైపు తిప్పి, ఫ్లాస్కులో చాయ్ చివరి చుక్క దాకా తాగారు. చక్కెర తక్కువైందన్నారు. తరువాత కర్ర నాకిచ్చి, రాళ్లు పట్టుకుని నీళ్ల దాకా దిగి, చేతులు కడుక్కుంటానని కాస్త ఎక్కువసేపే అక్కడ వంగి ఉన్నారు.

తిరుగు దారిలో ఆయనే ముందు. గట్టు మీద మరిచిన ఫ్లాస్కు మూత కోసం నేను వెనక్కి వెళ్లవలసి వచ్చింది. మళ్లీ చీలిక చేరేసరికి ఆయన అప్పటికే పై డ్యాం వైపు మళ్లారు. కర్ర చప్పుడు దూరమవుతోంది. అలవాటు చొప్పున గుర్తును పరిశీలించాను. అన్నిటికన్న పైన, నిన్న మేము పెట్టని ఒక రాయి ఉంది. నున్నగా, గుండ్రంగా, ఈ బీడులో దొరకని రకం. నీళ్ల అంచున దొరికేది. ఇంకా తడిగా ఉంది.

నేను అడగలేదు. ఆ తడి ఆరేలోపు నిలబడి రాసుకున్నాను. చీలిక గుర్తు, గుమ్మం తూర్పుకు. పైన ఒక రాయి అదనం. పెట్టినవారు ఎవరన్న చోట, అనుమానం మాత్రమే.